విత్తువాని ఉపమానం చెల్క గట్టున చెబుదాం

మూడేళ్ల కింద జూన్ నెలలో సండే స్కూల్‌లో విత్తువాని ఉపమానం చెబుతున్నాను. యేసు ప్రభువు చెప్పిన ఆ కథలో ఒకడు గింజలు చల్లితే కొన్ని బాట మీద, కొన్ని రాతి నేల మీద, కొన్ని ముళ్లల్లో, కొన్ని మంచి నేలలో పడతాయి. చేతిలో రంగుల చార్టు. దాంట్లో గోధుమ చేను, పొడుగు అంగీ వేసుకున్న మనిషి, ఒళ్లో గింజల సంచి. రెండో తరగతి పిల్లాడు లేచి అడిగాడు: "టీచరమ్మా, గింజలు బాట మీద ఎందుకు పడతయ్? మా నాయిన పత్తి గింజ ఒక్కొక్కటి చూసి పెడ్తడు." నా దగ్గర జవాబు లేదు. "కథలో అట్లనే ఉంది, కూర్చో" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ వారం మా ఆయన మేనత్తను అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేసింది. పత్తి అయితే సాలు వెంట పెడతారు, ఉలువలు, నువ్వులు అయితే చల్లుతారు, చల్లినప్పుడు నాలుగు గింజలు బాట మీద పడకుండా ఎలా ఉంటాయి అంది. యేసు ప్రభువు ఆ ఉపమానం చెప్పింది నేల తెలిసినవాళ్లకు. నా ముందు కూర్చున్నదీ నేల తెలిసినవాళ్ల పిల్లలే. మధ్యలో చార్టు అడ్డం పెట్టింది నేను.

అప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలు పిల్లల్ని బయటికి తీసుకెళ్తున్నాం. నల్గొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, పాలమూరు వైపు సండే స్కూల్ నడిపేవాళ్లకు, ఇంట్లో పిల్లలకు వాక్యం చెప్పే తల్లిదండ్రులకు పనికొస్తుందని మేం చేసే తీరు ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మీరొక్కరే నడిచి రండి

మందిరం నుంచి పది నిమిషాల నడకలో ఏమేం ఉన్నాయో ఒక శనివారం పొద్దున చూసి రండి. ఒక పెద్ద చెట్టు, ఒక చీమల బారు, కాస్త నీరు, కాస్త ఖాళీ చెల్క ఉంటే చాలు. చెల్క ఎవరిదో కనుక్కొని ఆ రైతును అడగండి. "పిల్లలకు మీ చేను చూపిస్తం" అంటే కాదనేవాళ్లు మాకు ఇంతవరకు ఎదురు కాలేదు. కొందరైతే మాతోపాటు నిలబడి తామే చెప్పారు.

ఆ నడకలోనే ప్రమాదాలు కూడా చూసుకోండి. పిట్టగోడ లేని బాయి, మూత లేని బోరు గుంత, మట్టి తవ్విన గుంతలో నిలిచిన నీళ్లు, వేలాడే కరెంటు తీగ ఉంటే ఆ దారి వదిలేయండి. వేరే దారి దొరక్కపోతే ఆ వారం మందిరం ఆవరణలోనే చేయండి. ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్దవాళ్లు ఉండాలి. అందరి కాళ్లకు చెప్పులు, అందరి దగ్గర నీళ్ల సీసా. రాళ్లు చేత్తో లేపకూడదు, కింద తేళ్లు ఉంటాయి. పాము పుట్టలో కట్టె పెట్టకూడదు. దూలగొండి కాయ, ఉమ్మెత్త, గన్నేరు, వయ్యారిభామ ఎలా ఉంటాయో మొదటి రోజే చూపించి, వాటిని ముట్టుకోవద్దని చెప్పండి.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, పసరు పోయొద్దు. పిల్లను నడవనివ్వకుండా, కదలనివ్వకుండా పెట్టుకొని 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాము విషానికి మందు అక్కడ ఉంటుంది. ప్రార్థన బండిలో వెళ్తూ చేద్దాం. ప్రార్థన అయ్యాక బయల్దేరదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

2. పెద్దల అనుమానం తీర్చండి

మొదట్లో మా సంఘంలో రెండు మాటలు వచ్చాయి. ఒకటి, "వాక్యం చెప్పకుండా షికార్లు ఏంది?" రెండోది ఇంకా లోతైనది: "చెట్టుకు దండం పెట్టే అలవాటు నుంచి బయటికొచ్చినం, మళ్లా పిల్లలకు చెట్టు గొప్ప అని చెప్తరా?"

ఈ రెండో మాటను తేలిగ్గా తీసుకోకండి. అడిగినవాళ్లు విశ్వాసం కోసం మూల్యం చెల్లించినవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చొని బైబిల్ తెరవండి. ఆదికాండము 2:15లో దేవుడు మనిషిని ఏదెను తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికి, కాచడానికి. చేను కాచే మనిషి చేనుకు మొక్కడు, చేను ఇచ్చినవాడికి లెక్క చెబుతాడు. యోబు 12:7లో మృగాలను విచారించమని, పక్షులను విచారించమని, అవి బోధిస్తాయని ఉంది. ఇక మత్తయి 6:26లో "ఆకాశపక్షులను చూడుడి" అన్నది ప్రభువు నోటి మాటే. మనం ఆ మాటను కంఠత వాక్యంగా చెప్పిస్తున్నాం కానీ, పిల్లల్ని నిజంగా పక్షుల ముందు నిలబెట్టి చూపించింది తక్కువ. నేను ఇంతే చెప్పాను. మా పాస్టరు అయ్యగారు ఆ తర్వాతి ఆదివారం తానే ముందు నడిచారు.

3. పాఠాలను మన కాలాలకు జత చేయండి

పాఠాల పుస్తకం ఎక్కడో అచ్చవుతుంది. దాంట్లో ఏ వారం ఏ పాఠమో మన వానలకు తెలియదు. కాబట్టి పాఠాలు అటు ఇటు జరుపుకోండి. మేం జరుపుకున్న తీరు ఇది.

జూన్‌లో తొలకరి పడగానే విత్తువాని ఉపమానం. జూన్ చివర ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు చెల్కల్లో బయటికొస్తాయి. పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టుకొని తెస్తారు. తిట్టకండి. అరచేతిలో పెట్టుకొని చూసి, ఎక్కడ పట్టారో అక్కడే వదిలి రమ్మనండి.

బతుకమ్మ రోజులొచ్చేసరికి గట్ల మీద గునుగు, తంగేడు విరగబూస్తాయి. "అడవి పువ్వులు ఏలాగు ఎదుగుచున్నవో ఆలోచించుడి" అన్న పాఠానికి అంతకన్నా మంచి వారం లేదు. ఆ మాట చెప్పినప్పుడు ప్రభువు చూపించిన పూలు ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్లు పోయనివి. తంగేడు కూడా అంతే. అది 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం, బీడు నేలలో తనంతట తాను పెరుగుతుంది. పక్కింటి పిల్లలు అవే పూలు కోసుకుపోతుంటే మన పిల్లలతో వాళ్ల పండుగ గురించి చిన్న మాట కూడా అననివ్వకండి. పూలు అందరివీ, చేసినవాడు ఒక్కడే.

అక్టోబరులో సీతాఫలాలు. బాలానగర్ సీతాఫలం మన పాలమూరుదే. ఒక పండు తిని గింజలు లెక్కపెట్టిస్తే సృష్టి పాఠంలో "విత్తనములిచ్చు" చెట్లు అన్న మాట పిల్లలకు వివరించనక్కర్లేదు.

డిసెంబరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరిగే రాత్రుల్లో ఊరి చివర వీధి దీపాలు లేని చోట ఐదు నిమిషాలు ఆపి పిల్లల్ని తల ఎత్తమనండి. మూడు చుక్కలు ఒక వరసలో కనిపిస్తాయి, మన పెద్దవాళ్లు గొల్లకావడి అంటారు. దానికి కొంచెం పైన గుంపుగా ఉండేది పిల్లలకోడి. యోబు 38:31 తెరిస్తే మన తెలుగు బైబిల్‌లో "కృత్తిక నక్షత్రములను నీవు బంధింపగలవా? మృగశీర్షకు కట్లను విప్పగలవా?" అని ఉంది. కృత్తిక అంటే ఆ పిల్లలకోడే. మృగశీర్షే రైతుల మృగశిర, గొల్లకావడి ఆ గుంపులోదే. కార్తెల పేర్లు పలకాలంటే భయపడే విశ్వాసులకు ఈ వచనం చూపించండి. దేవుడు యోబును అడిగిన నక్షత్రాల పేరు మీదే మన తాతలు వాన లెక్క పెట్టుకున్నారు. ఆ రాత్రి మా పిల్లలు తర్వాతి ఇంటికి వెళ్లడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు.

ఫిబ్రవరి, మార్చిలో ఆకు లేని మోదుగ ఎర్రగా పూస్తుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజులు అవే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నర దాటాక బయట ఉంచకండి. వి.బి.ఎస్. (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) మొత్తం ఎండాకాలంలోనే వస్తుంది కాబట్టి ఆ పది రోజులు మందిరం వేపచెట్టు నీడ, పక్షులకు నీళ్ల మూకుడు, ఇవే చాలు.

4. ముందు చూడనివ్వండి, వాక్యం తర్వాత

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. చీమల బారు కనపడగానే "చూశారా, సోమరితనం వద్దని చీమ చెబుతుంది" అనేసేదాన్ని. పిల్లలు తల ఊపి ముందుకెళ్లిపోయేవారు. సామెతలు 6:6 మళ్లీ చదివితే అక్కడ "వాటి నడతలు కనిపెట్టి" అని ఉంది. కనిపెట్టడానికి సమయం పడుతుంది.

కాబట్టి ఇలా చేయండి. ఇద్దరిద్దరిని ఒక్కో చోట కూర్చోబెట్టి, పది నిమిషాలు మాట్లాడకుండా చూడమనండి. చిన్నపిల్లలైతే నాలుగు నిమిషాలు. తర్వాత మూడే ప్రశ్నలు: ఏం చూశావు? అది ఏం చేస్తోంది? నీకు ఏం అర్థం కాలేదు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే అసలైనవి. "చీమలు ఎదురుపడ్డప్పుడు మూతులు ఎందుకు తాకిస్తయ్?" అని ఒక పాప అడిగింది. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే వచ్చే వారం చెబుతానని చెప్పి నిజంగా కనుక్కొని రండి. మీసాలతో వాసన పట్టి తమ పుట్ట చీమా కాదా అని గుర్తుపడతాయి. ఇదంతా అయ్యాకే బైబిల్ తెరవాలి. కొన్ని వారాలు వాక్యం చదివి, ఒక్క ముక్క కూడా వివరించకుండా ప్రార్థన చేసి ఇంటికి పంపించేస్తాను. ప్రతి పురుగు నుంచీ ఒక నీతి పిండనక్కర్లేదు.

ఒక పేర్ల పుస్తకం పెట్టండి. ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన పాఠం రోజున మొదలుపెట్టి, చూసిన ప్రతి చెట్టు, పిట్ట పేరు ఊళ్లో ఏమంటారో రాయించండి. పేరు తెలియకపోతే ఇంటికెళ్లి నాయనమ్మను అడిగి రావాలి. పాలమూరు వైపు చాలా ఇళ్లలో తల్లిదండ్రులు పని కోసం ముంబై, పుణె వెళ్లి పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. బలుసు ఆకు ఏదో, చెన్నంగి ఎప్పుడు చిగురిస్తదో ఆ ముసలమ్మలకు తెలుసు. మందిరంలో వెనక వరసలో కూర్చునే ఆమెను ఒక ఆదివారం ముందు నిలబెట్టి, పిల్లలకు టీచరమ్మను చేయండి.

5. నాలుగు నేలలు

ఇప్పుడు విత్తువాని ఉపమానానికి వద్దాం. చెల్క దగ్గరికి తీసుకెళ్లి నాలుగు నేలలు వాళ్లనే వెతకమనండి. బండ్ల బాట గట్టిపడి ఉంటుంది. గుట్ట కింద పరుపు బండ మీద రెండు వేళ్ల మందం మన్ను ఉంటుంది. గట్టు పక్కన రేగు కంప, సర్కారు తుమ్మ. మధ్యలో దున్నిన నేల. మాకు ఈ నాలుగూ రెండు వందల అడుగుల్లో దొరికాయి.

తర్వాత మందిరం వెనక చారెడు జాగాలో ఇదే చేయండి:

ఒక చోట మన్ను తొక్కి తొక్కి గట్టి చేయాలి. ఒక చోట బండ పలక పరిచి పైన వేలెడు మన్ను పోయాలి. ఒక చోట గడ్డి, తుంగ పీకకుండా అలాగే వదలాలి. ఒక చోట తవ్వి పెంట ఎరువు కలపాలి. నాలుగింటిలో పిడికెడు చొప్పున పెసలు చల్లించండి. పెసలు ఎందుకంటే రెండు నెలల పైచిలుకులో కోతకొస్తాయి, పిల్లల ఓపిక అంతవరకు ఆగుతుంది.

మొదటి రోజే గువ్వలు, గోరింకలు వచ్చి గట్టి నేల మీద గింజలు ఏరుకు తింటాయి. తోలొద్దు, చూడమనండి. రాతి మీద గింజ అన్నిటికన్నా ముందు మొలుస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, దాని యజమాని గర్వపడతాడు. మన్ను లోతు లేదు కాబట్టి త్వరగా వేడెక్కి మొలిచింది. వాన నాలుగు రోజులు ఆగితే అదే ముందు వాడుతుంది. మార్కు 4:5, 6 ఆ రోజు చదవండి, ముందు చదవకండి. మొదట మొలిచిన మొక్క వాడిపోతుంటే చూసిన పిల్లకు "వేరు లేనందున" అన్న మాట ఎంత లోతుగా దిగుతుందో నేను ఆ ముఖాల్లో చూశాను. నీళ్లు పోద్దామని ఏడ్చినవాళ్లు ఉన్నారు. పోయనివ్వండి, తప్పేం లేదు.

6. మన నీళ్ల కథ పిల్లలకు చెప్పండి

నల్గొండ వాళ్లం ప్రకృతి పాఠం చెబుతూ నీళ్ల గురించి చెప్పకపోతే అది సగం పాఠమే. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఎన్నో ఇళ్లలో వంగిన కాళ్లు, వంగని నడుములు, గోధుమ రంగు పళ్లు ఉన్నాయి. పిల్లలు రోజూ చూస్తూ, ఎవరూ చెప్పకపోతే తమకు తోచిందేదో అనుకుంటారు. "పాపం చేసినందుకు అట్లయింది" అని ఎవరో చెప్పగా నమ్మిన పిల్లను నేను చూశాను.

చెప్పాల్సింది సాదాగా చెప్పండి. మన కింద ఉన్న గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది. నీరు ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి ఉంటే అది నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. అంతకన్నా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడవుతాయి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెడితే దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఆ తర్వాత కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి.

ఇది చెప్పాక యోహాను 9వ అధ్యాయం చదవండి. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడు గానీ వీడి తల్లిదండ్రులు గానీ కాదన్నాడు ప్రభువు. తర్వాత 2 రాజులు 2:19 నుంచి యెరికో నీళ్ల కథ. నీళ్లు మంచివి కావని, నేల నిస్సారమని ఊరివాళ్లు వచ్చి ఎలీషాకు చెప్పుకున్నారు. దేవుడు ఆ ఊట బాగు చేశాడు. ఈ కథ మన జిల్లాలో చదివినట్టు ఇంకెక్కడా చదవలేరు.

చేసి చూపించడానికి రెండు సీసాల్లో కుంటలోని బురద నీళ్లు పట్టి, ఒకదాంట్లో పటిక ముక్క నాలుగుసార్లు తిప్పి పక్కన పెట్టండి. అరగంటలో తేడా కనిపిస్తుంది. తేరింది బురద మాత్రమేనని, ఆ నీళ్లు తాగకూడదని గట్టిగా చెప్పండి. చివర్లో ఇద్దరు పెద్ద పిల్లలతో ఫ్లోరోసిస్ ఉన్న ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లండి. ముందు అడిగి, ఆయనకు ఇష్టమైతేనే. చిన్నప్పుడు ఏ బాయి నీళ్లు తాగేవారో ఆయన చెబితే వినాలి.

7. గులేరు పట్టిన పిల్లాడు

ప్రతి సండే స్కూల్‌లో ఒకడు ఉంటాడు, గులేరు రబ్బరు లాగి రాయి వదిలితే పిట్ట మీద గురి తప్పనివాడు. వాణ్ని అందరి ముందు తిట్టకండి. పిట్టలు ఎక్కడ వాలతాయో వాడికి తెలిసినంత మీకు తెలియదు. వాడికి గూళ్ల లెక్క అప్పజెప్పండి. వానాకాలంలో బాయి మీదికి వంగిన ఈతచెట్టుకో తుమ్మకో గిజిగాడు గూళ్లు కడుతుంది. కట్టేది మగ పిట్ట. గూడు సగం అయ్యాక ఆడ పిట్ట వచ్చి చూసి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే మగ పిట్ట ఇంకోటి మొదలుపెడుతుంది. ఎన్ని సగం గూళ్లు, ఎన్ని పూర్తయినవి అని వారం వారం లెక్క రాయాలి. బాయికి దూరంగా ఉండి చూడాలి. ద్వితీయోపదేశకాండము 22:6లో గూటిలో పిల్లలతో ఉన్న తల్లిని పట్టొద్దన్న ఆజ్ఞ ఉందని వాడితోనే చదివించండి. మా వాడు నెల తర్వాత గులేరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను అడగలేదు.

8. ఐదు మొక్కలు చాలు

వంద మొక్కలు నాటి ఫొటో దిగే కార్యక్రమం వద్దు. ఎండాకాలం దాటేవి కొన్నే ఉంటాయి, ఎండిన మొక్కలు చూస్తే పిల్లలకు మిగిలేది నిరాశే. ఐదు నాటండి: కానుగ, వేప, చింత, అల్లనేరేడు, సీతాఫలం. ఒక్కోదానికి నలుగురు పిల్లలు. మేకలకు అందకుండా రేగు కంప చుట్టండి. మొదలు పక్కన అడుగున బెజ్జం ఉన్న కుండ పాతి, బెజ్జంలో గుడ్డ వత్తి పెట్టి వారానికి రెండుసార్లు నింపితే నీళ్లు మెల్లగా వేళ్లకు దిగుతాయి. సెలవులకు ఎవరు ఊరెళ్తారో ముందే అడిగి వంతులు వేసుకోండి.

మందిరంలో కూడా కొన్ని మార్చుకోవచ్చు. ప్రేమ విందుకు థర్మకోల్ పళ్లేల బదులు మోదుగ విస్తర్లు. మట్టల ఆదివారానికి ఈత మట్టలు కోసేముందు ఆ చెట్టు గీసే గౌడన్నను అడగాలి, మొవ్వు జోలికి పోకుండా పక్క మట్టలు రెండు మూడే కోయాలి.

ఏడాదికి ఒకసారి దూరం వెళ్లగలిగితే మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకెళ్లండి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ మర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. మనిషికి చేసినట్టు చెట్టుకు చేశారని చెబితే పిల్లలు నమ్మరు, ఆ ఊడల కింద నిలబడి వినాలి.

9. కోత

ఆగస్టు చివర పెసర కాయలు నల్లబడతాయి. మంచి నేలలో ఒక్కో పిల్లకు ఒక్కో మొక్క ఇచ్చి, కాయలు ఒలిచి గింజలు లెక్కపెట్టించండి. అప్పుడు "ముప్పదంతలుగాను అరువదంతలుగాను నూరంతలుగాను" అన్నది చదవండి. అందరికీ నూరు రావు. మాకు మొదటి ఏడాది పద్నాలుగు వచ్చిన మొక్క కూడా ఉంది, ముళ్లల్లో అయితే రెండు కాయలే. ఆ గింజల్లో సగం వచ్చే జూన్‌కు బూడిద కలిపి డబ్బాలో దాచండి, సగం కోత పండుగ రోజు పిల్లలే బలిపీఠం దగ్గర పెట్టాలి. గింజలు బాట మీద ఎందుకు పడతాయని నన్ను అడిగిన పిల్లాడు తన గింజలు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఎనభై ఏడు. వాళ్ల నాయినను మందిరం గేటు దగ్గరి నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చి, గట్టి చేసిన నేలా, బండ పలకా, గడ్డి జాగా ఒక్కొక్కటీ చూపించి, ఎక్కడ ఎందుకు రాలేదో చెప్పాడు.